చీనా యుద్యోగుల విరామదిన విహారలేఖలు

విశ్రమశబ్దమునకు వైయాకరణులు దీర్ఘ మొసఁగరు. సప్తమాధ్యాయమునందలి వృద్ధినిషేధముచే ‘విశ్రమ’ మనునదియే సాధువనియు, ‘విశ్రామ’ మపాణినీయమనియుఁ గౌముదీకారుఁడు నిర్ణయించెను. అయినను గవులు దీర్ఘరూపమును విడిచిపెట్టలేదు. శాస్త్రము హ్రస్వము చేసిన విశ్రాంతిని లోకము దీర్ఘము చేసికొనఁగోరుట సహజమే కదా!

ఈ విచారమునకుఁ దగిన వాఙ్మయ మొకటి చీనాదేశమునఁ గలదు. రాజోద్యోగులు తీఱికవేళలఁ గొండలను, మడుఁగులను, దేవాలయములను జూడఁబోయి వ్రాసిన చిఱుగద్యము లవి. వానికి ‘యూ-చీ’ యని పేరు. ‘యూ’ యనఁగా విహారము. ‘చీ’ యనఁగా లేఖ. చీనాభాష నెఱింగిన మిత్రుఁ డొకఁడు పదపదార్థములను విడమఱిచి చెప్పఁగా వానిలోఁ గొన్నింటిని బరిశీలించితిని. ఇవి కావ్యములా, కావా యనునదియే యిచట విచార్యము.

ముందుగా నుద్యోగుల స్థితిని దెలిసికొనవలయును. హాన్ వంశపు రాజుల కాలమున నైదుదినముల కొకటి విరామదినము. దానిని ‘షియు-ము’ యనిరి. విశ్రమించి తలయంటుకొనుట యని యర్థము. థాంగ్ వంశమునాఁడు (618-907) అది పదిదినముల కొకటి యయ్యెను. సుంగ్ వంశమువారును (960-1279) ఆ యాచారమునే పాటించిరి. ‘షియు’ యను నక్షరమున మనుష్యరూపమును వృక్షరూపమును జేరియున్నవి: చెట్టునకుఁ జేరగిలఁబడినవాఁడే విశ్రాంతుఁడు. మఱియు నుద్యోగిని స్వస్థలమున నియమింపకుండుటయుఁ, గొన్నియేఁడులకే వేఱొకచోటికిఁ బంపుటయు నాచారము. రాజాగ్రహమునకుఁ బాత్రుఁడైనవాఁడు దూరమండలములకుఁ బోవలసినదే. ఏ యూర నున్నను వాఁడు పరదేశి. కావుననే స్థలజ్ఞులు చూడనిదానిని వాఁడు చూచెను.

ఇఁకఁ బూర్వపక్షము. పర్వతము, ఋతువులు, ఉద్యానము, జలక్రీడ మొదలగు వర్ణనములను దండి మహాకావ్యమునకు విధించెను. అవి నాయకుని నాశ్రయించి రసమునకుఁ దోడ్పడును. ఈ లేఖలలో నాయకుఁడు లేఁడు, కథ లేదు. ఉన్నవి తిథి, త్రోవ, తోడివారి పేరులు. వట్టి సంగతిని దెలుపు మాటలను భామహుఁడు ‘వార్త’ యని కావ్యపంక్తినుండి త్రోసివైచెను గదా. ఇవియు వార్తలే యని యొకరు వాదింపవచ్చును.

సమాధానమునకుఁ బూర్వ ముదాహరణములు చూతము. లియు త్సుంగ్‌యువాన్ 805లో రాజధానినుండి వెడలఁగొట్టఁబడి, 815 వఱకు దక్షిణమున యుంగ్‌చౌ యను మండలమున నామమాత్రపు టుద్యోగమున నుండెను. అచటి విహారములనుగూర్చి యెనిమిది లేఖలు వ్రాసెను. ఒకదానిలో నొక చిన్నగుట్టను 400 కాసులకుఁ గొనుట చెప్పఁబడినది. అతఁడు కలుపు తీయించి, చెడుచెట్లు నఱికించి కాల్పింపఁగా మంచిచెట్లును, వెదుళ్లును, నీరు త్రాగదిగు పశువులవంటి ఱాళ్లును బయల్పడినవి. ఇదే గుట్ట రాజధానికడ నున్నచో శ్రీమంతులు పోటీపడి కొనియుందురనియు, ఇచట నింత తక్కువవెలకైనఁ బెక్కేండ్లు కొనువాఁడు లేఁడయ్యెననియు నతఁడు వ్రాసెను. తనమాట యొకటియుఁ జెప్పుకొనలేదు; అయినను వెలలేక పడియున్నది గుట్ట మాత్రమే కాదని సహృదయుఁ డెఱుఁగును.

ఔయాంగ్ షియు చూచౌ మండలాధిపతిగా 1046లో వ్రాసిన ‘మత్తవృద్ధుని మంటపము’ దీనికంటెఁ బ్రసిద్ధము. అప్పటి కతనికి నలువదియేండ్లు, వృద్ధుఁడనుట పరిహాసము. వాక్యాంతమున నిర్ధారణమును దెలుపు ‘యే’ యను నిపాతము అందు 21 మాఱులు వచ్చును. మఱియొకరిచేతఁ బునరుక్తిదోష మగునది యిచటఁ దాళమైనది. కాని కడపట నధిపతి సంతోషము ప్రజల సంతోషముననే యున్నదని తానే విప్పి చెప్పెను. భావ ముదాత్తమే, అది వ్యంగ్యముగా నుండవలసినచో వాచ్యమయ్యెను. ఈ యంశమున లియు రచనమే మేలు.

ఇఁక సు షి. తన పద్యములలో రాజనింద గలదన్న నేరమునఁ 1079లోఁ జెఱఁబడి, మఱుసటియేఁట హువాంగ్‌చౌకుఁ బంపఁబడెను. అచట నతని కుద్యోగనామ ముండెను గాని కాగితములపై వ్రాలుచేయు నధికారము లేదు. పదిదినముల కొక విరామదినము గాదు, అన్నియు విరామదినములే. 1083లో దశమమాసపుఁ బండ్రెండవరాత్రి పండుకొనఁబోవుచుండఁగా వెన్నెల వాకిటిలోనికి వచ్చెను. లేచి చెంగ్‌తియాన్ అను బౌద్ధాలయమునకుఁ బోయి, తనవలెనే పదచ్యుతుఁడైన చాంగ్ హువాయిమిన్ అను మిత్రుని వెదకెను. అతఁడును నిదురింపలేదు. ఇరువురును ముంగిటఁ దిరిగిరి. బౌద్ధాలయమును విహరణమును మనకు ‘విహార’ మనునొక్క శబ్దమే తెలుపును. ఇచట విహారమునకే విహారము.

ముంగిలి నీటితో నిండినట్లున్నదని మొదట నుపమ. పిదప నది యుపమ యనుట మఱచి నీటిలో నాచుతీఁగలు పెనఁగొని యున్నవనెను, ఇది భ్రాంతి. ఆపై నవి వెదుళ్లయు దేవదారువంటి చెట్లయు నీడలని తత్త్వము. ఇంతలో రచన ముగింపునకు వచ్చును. వెన్నెలయు వెదుళ్లును నెల్లెడలఁ గలవు. తమయిరువురివంటి తీఱికగల మనుష్యులే యరుదని తాత్పర్యము. మొత్తము నూఱక్షరములకు లోపలనే.

తీఱికను దెలుపు నా యక్షరమును వాకిటిలోఁ జంద్రుని నిలిపి వ్రాయుదురు. వాకిటిలోనికి వచ్చిన వెన్నెలతో నీ లేఖ మొదలగుటచే నిది చమత్కారమే. కాని కొన్ని ముద్రణములలో వాకిటిలోఁ జెట్టుగల రూపాంతర మున్నది. కావున దానియందే రచనాసర్వస్వమును నిలుపుట సాహసము. అర్థమే చాలును. ‘తీఱికవాఁడు’ అనఁగాఁ బనినుండి తొలఁగింపఁబడినవాఁడు. చూచుటకు మనసు గలవాఁడు ననియు నగును. మొదటి యర్థమున నవమానము, రెండవదానిలోఁ గృతార్థత. ఇది శబ్దశక్తిమూలధ్వని కాక మఱేమి?

కావున సిద్ధాంత మిది. భామహుని నిషేధము వట్టివార్తకే. దండి స్వభావోక్తిని నలంకారములలోఁ బ్రథమస్థానమున నిలిపెను. నాయకుఁడు లేఁడనుటయు సరికాదు. చూచువాఁడే యిచట నాయకుఁడు. రసానుభవమును సంవిద్విశ్రాంతి యన్న యభినవగుప్తునకు నీ లేఖలు పరాయివి కావు.

మనవారు మాత్ర మిట్టివి వ్రాయలేదా? మదరాసు సుప్రీముకోర్టులో దుబాసియైన యేనుఁగుల వీరాస్వామయ్య 1830-31లోఁ దాను జేసిన కాశీయాత్రను దినదినమును వ్రాసిపెట్టెను. దానిని మనము చరిత్రపరిశోధకుల కప్పగించి, సాహిత్యవిమర్శకులము మిన్నకుంటిమి. ఇందు నా తప్పును గలదు. ముప్పదియేండ్లుగాఁ బ్రబంధములలోని వనవిహారములను బాఠశాలలో బోధించితిని. సెలవునాఁడు నీవు చూచిన చెఱువునుగూర్చి పదివాక్యములు వ్రాసితెమ్మని యొక్క బాలునైన నడిగినవాఁడను గాను.