కొబ్బరి నుంచి తీసిందేగా!

సీసా మీద కొబ్బరికాయ బొమ్మ ఉంటే చాలు, అంబాజీపేట మార్కెట్ ధర చూసుకుంటూ బతికే మా కోనసీమ వాళ్లకి ఇంక అనుమానం రాదు. అమలాపురంలో మా వదిన అలాగే ఒక ఫేస్‌వాష్ కొంది. ‘చర్మానికి సున్నితం, కొబ్బరి నుంచి తీసినది’ అని దాని మీద రాసుంది. కొన్ని నెలలు బాగానే వాడింది. తర్వాత కనురెప్పలు వాచి, పొలుసులు లేచి, ఒకటే దురద. ‘‘కొబ్బరి నుంచి తీసిందేగా, అదేం చేస్తుంది?’’ అంటూ ఫేస్‌వాష్ ఒక్కటీ ఉంచుకుని మిగతావన్నీ మానేసింది, వంకాయతో సహా.

చివరికి కాకినాడలో చర్మవైద్యుడు వీపు మీద పట్టీలు అంటించి, రెండు రోజులు ఉంచి ప్యాచ్ టెస్ట్ చేస్తే అసలు సంగతి బయటపడింది. కోకమిడోప్రొపైల్ బీటైన్. సీసా వెనక చీమతలకాయంత అక్షరాల్లో ఆ పేరుంది.

నురగ కోసం వేసే పదార్థమది. కళ్లు మండవని చెప్పే పిల్లల షాంపూల్లోనూ చాలావాటిలో ఉంటుంది. కొబ్బరినూనెలోని కొవ్వు ఆమ్లాలతో తయారవుతుందన్న మాట అబద్ధం కాదు. కాకపోతే మధ్యలో డైమిథైలమినోప్రొపైలమైన్ అనే రసాయనం కలుస్తుంది. శుద్ధి సరిగా జరగకపోతే అది కొంత, దాంతో ఏర్పడే అమిడోఅమైన్ కొంత సరుకులో మిగిలిపోతాయి. ఎలర్జీ ఎక్కువగా వీటివల్లే. అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2004లో ఈ బీటైన్‌నే ‘ఆ ఏటి ఎలర్జెన్’గా ప్రకటించింది.

మంట వేరు, ఎలర్జీ వేరు. మంట పుట్టించేది చాలాసార్లు అప్పటికప్పుడే దొరికిపోతుంది. ఎలర్జీ అలా కాదు. నెలల తరబడి సరిపడినది ఉన్నట్టుండి పడకుండా పోతుంది, అదీ రాసుకున్న ఒకటి రెండు రోజులకి గానీ తేలదు.

చిన్నప్పుడు కుంకుడురసం కంట్లో పడితే వీధి వీధంతా వినేలా ఏడ్చేవాళ్లం. అది సున్నితమని మాత్రం మాకెవరూ చెప్పలేదు! అలాగని సున్నిపిండికే తిరిగి పొమ్మనను, అందులో కలిపే పసుపు పడనివాళ్లూ ఉన్నారు.

ఇక సీసాల మీద కనిపించే ‘హైపోఎలర్జెనిక్’, అంటే ఎలర్జీ తక్కువ అన్న మాటకి అమెరికాలో ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1975లో నిబంధన పెడితే 1977లో కోర్టు కొట్టేసింది. ఇప్పటికీ అక్కడ ఆ మాటకి కంపెనీ చెప్పిందే అర్థం.

కొత్తది ఏది కొన్నా ముందు మోచేతి మడతలో రోజుకి రెండుసార్లు, వారం పది రోజులు రాసి చూడండి. కడిగేసుకునేదైతే ఐదు నిమిషాలుంచి కడగండి. దద్దురు లేస్తే మందుల షాపుకెళ్లి స్టెరాయిడ్ ట్యూబు అడక్కండి. వాడిన సీసా పారేయకుండా చర్మవైద్యుడి దగ్గరికి పట్టుకెళ్లండి.