రాజు లేని బీడుభూమిలో వెలి: లీ గ్విన్ 'ది డిస్పొసెస్డ్' నవలపై ఒక వేదాంత విమర్శ

ప్రస్తావన

రాజు, పోలీసు, సొంత ఆస్తి లేకుండా ఒక జనాంగం బీడుభూమిలో సేద్యం చేసుకొని బ్రతకగలదా? అమెరికా రచయిత్రి ఉర్సులా కె. లీ గ్విన్ (1929–2018) 1974లో ప్రచురించిన 'ది డిస్పొసెస్డ్' నవల ఈ ప్రశ్నను పరీక్షకు పెడుతుంది. హ్యూగో, నెబ్యులా పురస్కారాలు రెండూ పొందిన ఈ నవల వైజ్ఞానిక కల్పన కోవకు చెందినది. రచయిత్రి తండ్రి ఆల్‌ఫ్రెడ్ క్రోబర్ ప్రసిద్ధ మానవశాస్త్రవేత్త. ఆమె కల్పించిన జనాంగానికి సిద్ధాంతంతోపాటు తిండి, భాష, పిల్లల పెంపకం, పనిపాటలు అన్నీ ఉండటం గమనార్హం.

దైవసేవకులు ఈ నవలను ఎందుకు చదవాలి? స్వయంపాలన, స్వయంపోషణ, స్వయంవ్యాప్తి అనే మూడు సూత్రాలను 19వ శతాబ్దంలో హెన్రీ వెన్, రూఫస్ ఆండర్సన్‌లు మిషను సంఘముల ముందుంచారు. మన సంఘములలో అనేకం ఆ బాటలోనే నడిచాయి. స్వయంపాలన వచ్చిన తరువాత ఏమవుతుంది అన్నదే ఈ నవల అడిగే ప్రశ్న. పంచుకోవడం నేర్చిన సమాజానికి, తప్పిపోయినవానిని తిరిగి చేర్చుకొనే మార్గం కూడా ఉండాలి. అది లేనిచోట పొరుగువాని నోరే రాజవుతుంది. ఈ వ్యాసం ప్రతిపాదించేది ఇదే.

1. అనారెస్ ప్రజల జీవన విధానం

అనారెస్ అనేది ఉరాస్ అనే సంపన్న లోకానికి చంద్రుని వంటిది. ఓడో అనే విప్లవకారిణి బోధను అనుసరించినవారు సుమారు 170 సంవత్సరాల క్రితం ఉరాస్‌ను విడిచి అక్కడికి వలస వచ్చారు. ఓడో మాత్రం ఆ దేశాన్ని చూడకుండానే చనిపోయింది. మోషే చరిత్ర ఎరిగిన పాఠకునికి ఈ పోలిక తట్టక మానదు. అయితే వారు చేరినది పాలు తేనెలు ప్రవహించే దేశం కాదు. అక్కడ వానలు తక్కువ, దుమ్ము ఎక్కువ. దున్నడానికి ఎద్దు లేదు, పాడికి ఆవు లేదు. కథానాయకుడు షెవెక్ భౌతికశాస్త్రవేత్త అయినప్పటికీ, యౌవనంలో ఎడారిలో మొక్కలు నాటే పనికి వెళతాడు. అతని సహచరి తాక్వెర్ చేపల పెంపకంపై పరిశోధన చేస్తుంది.

ఆస్తి లేని ఈ జనుల భాషలో 'నాది' అన్న మాటకు చోటు దాదాపు లేదు. 'నా రుమాలు' అనరు, 'నేను వాడుకొనే రుమాలు' అంటారు. తోబుట్టువులు లేనివాడు కూడా 'మా అమ్మ', 'మా ఇల్లు' అనే తెలుగువారికి ఈ సంగతి ఇతరులకంటే సులభంగా బోధపడుతుంది. పది రోజులకొకసారి ప్రతివారూ సమాజం కోసం మోటుపని చేస్తారు. పాకీపనిని పుట్టుకతో కొందరికి అంటగట్టి, దానిని నిషేధించడానికి 1993లోను, 2013లోను చట్టాలు చేయవలసి వచ్చిన దేశంలో ఈ ఒక్క వివరమే ఒక ప్రసంగానికి సరిపోతుంది.

2. కరవులో జరిగిన పరీక్ష

నవలలో నాలుగేండ్ల కరవు వస్తుంది. జనం ఎవరి ఆజ్ఞా లేకుండానే దూరప్రాంతాల పనులకు తరలిపోతారు. షెవెక్, తాక్వెర్‌లు కూడా ఆ కాలమంతా ఎడబాటు అనుభవిస్తారు. రచయిత్రి ఈ త్యాగాన్ని గౌరవంతోనే చిత్రించారు. కాని ఆమె అక్కడ ఆగలేదు. దారిలో నిలిచిపోయిన రైలులోని ప్రయాణికులు ఆకలితో ఉండగా, ఆ ఊరివారు తమకున్న కొద్దిపాటి తిండిని దాచుకొని తలుపులు మూసుకుంటారు. మరొకచోట ఎవరికి ఎంత తిండి ఇవ్వాలో జాబితా వ్రాసే పని షెవెక్‌కు వస్తుంది. పని చేయగలిగినవారికి ఎక్కువ, రోగులకు తక్కువ. అతడు ఆ పని మానివేస్తాడు. జాబితా మాత్రం ఆగదు, మరొకరు వ్రాస్తారు.

3. పేరు లేని అధికారం

ఈ నవలలోని అతి బలమైన విమర్శ ఇక్కడ ఉంది. అనారెస్‌లో చట్టం లేదు గనుక శిక్షలు కూడా లేవని అందరూ నమ్ముతారు. అయితే షెవెక్ మిత్రుడు తిరిన్ ఒక వ్యంగ్య నాటకం వ్రాసినందుకు బహిరంగంగా మందలింపు పొందుతాడు. తరువాత అతనికి మోటుపనులు తప్ప వేరే పనులు దొరకవు. చివరకు అతడు మతి చెడి ఆశ్రయ గృహానికి చేరుతాడు. ఇదంతా ఎవరు చేశారంటే ఎవరూ చేయలేదనే చెప్పాలి. షెవెక్ పెద్ద కుమార్తె సాదిక్‌ను, తండ్రి ఆలోచనల కారణంగా తోటిపిల్లలు దూరం పెడతారు. ఆ పిల్ల రాత్రి కన్నీటితో తలిదండ్రుల దగ్గర పడుకోనిమ్మని అడిగే ఘట్టం నవలలోని వాదనలన్నిటికంటే గట్టిగా తాకుతుంది.

దీనికి మన భాషలో చక్కని పేరు ఉంది: వెలి. వెలివేయడానికి చట్టం అక్కరలేదు. మాట్లాడటం మానివేస్తే చాలు.

వీరు దేవుని ఎరుగరు గనుకనే వీరికి ఈ గతి పట్టిందని కొందరు పాఠకులు అనవచ్చు. ఈ అభిప్రాయం రెండు కారణాలవల్ల నిలువదు. మొదటిది, మందిరం లేనంత మాత్రాన మతమే లేదనడం సరికాదని నవల ఆరంభంలోనే షెవెక్ ఉరాస్ వైద్యునితో వాదిస్తాడు. రెండవది, దేవుని ఎరిగిన సంఘములు కూడా ఈ గోతిలో పడ్డాయి, పడుతున్నాయి.

4. లేఖన వెలుగులో

రాజు లేని ఇశ్రాయేలు కూడా కొండసీమలో కష్టపడి సేద్యం చేసుకున్న జనాంగమే. అది సమానత్వం కోరిన రైతుల సమాజమని నార్మన్ గాట్‌వాల్డ్ 1979లో వెలువడిన 'యెహోవా గోత్రములు' అనే గ్రంథంలో వాదించారు. మన్నా సమానంగా పంచబడింది (నిర్గమ 16). గిద్యోను రాజ్యాధికారం నిరాకరించాడు (న్యాయాధి 8:23). అయినను ధర్మశాస్త్రం పంచుకోవడంతో తృప్తిపడలేదు. ఏబదియవ సంవత్సరమున పోగొట్టుకొన్నవాడు తన స్వాస్థ్యమునకు తిరిగి రావాలని శాసించింది (లేవీ 25). తిరిగి రావడమన్నది ఎవరి దయాదాక్షిణ్యాల మీదా ఆధారపడలేదు, క్యాలెండరులోనే వ్రాయబడింది. అనారెస్ క్యాలెండరులో మోటుపనికి దినం ఉంది, తిరిన్ తిరిగి రావడానికి దినం లేదు.

యెరూషలేము సంఘములో సమస్తమును సమష్టిగా ఉంచుకొన్నారు. అయినను పొలము అననీయ వశములోనే ఉండెనని పేతురు గుర్తుచేస్తాడు (అపొ. 5:4). కనుక ఇవ్వడం స్వేచ్ఛగా జరగాలి. విధవరాండ్ర విషయంలో సణుగు పుట్టినప్పుడు అపొస్తలులు సణిగినవారిని వెలివేయలేదు, పంపిణీని సరిదిద్దారు (అపొ. 6:1–6). అన్నిటికంటె ముఖ్యమైనది 2 కొరింథీ 2:5–8. ఎక్కువమంది కలిసి విధించిన శిక్ష చాలునని, ఇక అతనిని క్షమించి ఆదరించాలని పౌలు కోరతాడు. లేనియెడల ఆ మనుష్యుడు దుఃఖంలో మునిగిపోతాడని అతని భయం. తిరిన్‌కు జరిగింది సరిగ్గా అదే.

ముగింపు

ఈ నవలలో లోపాలు లేకపోలేదు. కొన్ని సంభాషణలు ఉపన్యాసాలుగా మారతాయి. వివాహ విషయంలో అక్కడి ఆచారాలు మనకు సమ్మతం కావు. అయినను తాను ప్రేమించిన సమాజాన్నే ఇంత నిజాయితీగా తూచిన రచన అరుదు. ఇక మనం చేయవలసిన పని ఉంది. ప్రతి సంఘములోను పెద్దలు తీర్మానించకపోయినా, గ్రంథాలలో వ్రాయకపోయినా, పలకరింపు కరువైన కుటుంబం ఒకటైనా ఉంటుంది. వారి పేరు మనకు తెలుసు. వారి గడప తొక్కడానికి కమిటీ తీర్మానం అవసరం లేదు.