కిటికీ మూయొద్దన్న మోలీ

మార్టిన్ స్కోర్సేసి 2023లో తీసిన 'కిల్లర్స్ ఆఫ్ ద ఫ్లవర్ మూన్' నిడివి 206 నిమిషాలు. సాగదీశాడన్న మాట కాదనలేం. కానీ కత్తెర ఎక్కడ పడాలన్న దగ్గరే నాకు చాలామందితో పేచీ. నెమ్మదిగా నడిచే చోట్ల ఒక్క ఫ్రేమూ తీయనక్కర్లేదు. తీయాల్సింది హడావుడి ఉన్న చోటే.

కథ 1920ల ఓక్లహోమాది. నేల కింద చమురు పడి ఒసేజ్ తెగవాళ్లు ధనవంతులయ్యారు. ఆ చమురు ఆదాయంలో వాళ్ల వాటా వారసులకు దక్కుతుంది. ఇంకేం, తెల్లవాళ్లు పెళ్లిళ్లు చేసుకుని మరీ చంపించారు. కథానాయిక, ఒసేజ్ మహిళ మోలీ తన డబ్బు తాను వాడుకోవాలన్నా తెల్ల సంరక్షకుడి ముందు కూర్చుని, పేరుతో పాటు తాను 'అసమర్థురాలి'నని చెప్పుకోవాలి. మోలీగా నటించిన లిలీ గ్లాడ్‌స్టోన్ ఆ మాటను ఇంటి నంబరు చెప్పినంత మామూలుగా అంటుంది. మనకే చివుక్కుమంటుంది.

ఇంకో సీన్. మోలీని పెళ్లాడబోయే ఎర్నెస్ట్ (డికాప్రియో) ఆమె ఇంటికి భోజనానికి వస్తాడు. వాన మొదలవుతుంది. కిటికీ మూయబోతే మోలీ వద్దంటుంది, కాసేపు కదలకుండా కూర్చోమంటుంది. నోరు మూసుకుని ఉండటం ఆ మనిషికి చేతకాదు. వాన శబ్దం వింటూ ఆమె నిమ్మళంగా, అతను ఇబ్బందిగా. ఈ పెళ్లి ఎలా నడవబోతుందో అక్కడే తెలిసిపోతుంది. ఎడిటర్ థెల్మా స్కూన్‌మేకర్ ఆ షాట్‌ను తొందరపడి తెంచలేదు. 1980 నాటి 'రేజింగ్ బుల్' నుంచీ స్కోర్సేసి సినిమాలు కూర్చిన చెయ్యి మరి!

ఇన్సూరెన్సు డబ్బు కోసం ఎర్నెస్ట్ మేనమామ హేల్ (డి నీరో) పొలాలు తగలబెట్టించే రాత్రి అంతకన్నా గొప్ప పని. కిటికీ అద్దంలోంచి మంటలు అలుక్కుపోయి కనిపిస్తాయి, వాటి ముందు మనుషులు నీడల్లా కదులుతారు. లోపల ఎర్నెస్ట్, భార్య ఇంజక్షన్‌లో తాను కలుపుతున్న మందునే తన విస్కీలోనూ పోసుకుని తాగుతాడు. రోడ్రిగో ప్రీటో కెమెరా, రాబీ రాబర్ట్‌సన్ బేస్ గిటార్ దడ ఉంటే చాలు, మాటలతో పనిలేదు.

ఇక లోపాలు. హంతకుడెవరో మొదట్లోనే తెలిసిపోయాక, హేల్ పురమాయించడం, ఎర్నెస్ట్ ఎవరినో కుదర్చడం, శవం తేలడం మూడోసారికి పాతబడుతుంది. డికాప్రియో మొదట దర్యాప్తు అధికారి టామ్ వైట్ పాత్ర వేయాల్సింది. తర్వాత స్క్రిప్టు తిరగరాసి కథను మోలీ ఇంటికి మళ్లించారు. మంచి పనే, కానీ పాత దర్యాప్తు కథ పూర్తిగా వదల్లేదు. మోలీ మంచాన పడి ఉంటే మనం సాక్షుల వెంట, కోర్టులో లాయరు కేకల వెంట తిరగాల్సి వస్తుంది.

విచిత్రమేమిటంటే క్లుప్తత స్కోర్సేసికి తెలియనిదేం కాదు. ఎవరికి ఏ శిక్ష పడిందో, ఎవరేమయ్యారో చివర్లో ఒక రేడియో నాటకంలో కొద్ది నిమిషాల్లో ముగించాడు. మోలీ మరణవార్త తనే స్టేజీ ఎక్కి చదివాడు. ఆ పొదుపు ఒక గంట ముందే మొదలెట్టి ఉండాల్సింది.