కథను పొడిగించినవారికి చెప్పే మాట

పరుల పాత్రలను అభిమానంతో తీసుకొని కథ పొడిగించడం మనకు కొత్త కాదు. నన్నయ విడిచిన అరణ్యపర్వశేషాన్ని ఎఱ్ఱన రాజరాజనరేంద్రుని పేరిటనే పూరించాడు. పూర్వకవిలో లీనం కావడం అక్కడి ధర్మం. ముళ్లపూడి వెంకటరమణగారు ‘గిరీశం లెక్చర్లు’లో గురజాడ పాత్రను సినిమాలోకానికి తీసుకొనివచ్చారు. ఆ మార్గం వేరు. ఒకదానిని కొలిచిన కోలతో రెండవదానిని కొలువరాదు.

ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. 1909 నాటి ‘కన్యాశుల్కము’ చివర బుచ్చమ్మను పూనా వితంతు శరణాలయానికి పంపే ఏర్పాటు జరుగుతుంది. ఆపైన ఆమె ఏమైనదో నాటకం చెప్పదు. ఒక యువరచయిత ఆ తరువాతి కథ వ్రాసి నాకు పంపాడు. ‘ఈమె గురజాడ బుచ్చమ్మ కాదు’ అని అంచున వ్రాసి తిప్పి పంపాను. మాట నిజమే. కాని బుచ్చమ్మ తన బ్రతుకును గూర్చి ఏమనుకొన్నదో ఊహింపజూడడమే అతని ప్రయత్నం. దానిని గూర్చి నేనొక్క మాట అనలేదు. మరి అతని నుంచి ఇంకొక కథ రాలేదు.

ఇటువంటి రచనపై అభిప్రాయం చెప్పేవారు, అది మూలంలోని ఏ ఖాళీని పూరింపదలచినదో మొదట గుర్తించాలి. పూరించినదా లేదా అన్నది తరువాతి విచారణ. నచ్చిన ఘట్టాన్ని విడిగా చూపాలి; ఊరక ‘బాగున్నది’ అంటే రచయితకు ఒరిగేది స్వల్పం. దోషాలను అతడు కోరినప్పుడు, ఏకాంతంలో చెప్పడం మేలు. ప్రతిఫలం లేక వ్రాసేవారికి పాఠకుని మాటే పారితోషికం.

గురజాడకు నా కాపుదల అక్కరలేదు. ఆ యువకుని కథకు మాత్రం శ్రద్ధగా చదివే మనిషి ఒకడు కావలసి ఉండెను.