గీటురాయికి అందని లోతు

పెళ్ళి కుదిరితే జమ్మలమడుగు వాళ్ళయినా పులివెందుల వాళ్ళయినా నగల కోసం మా ప్రొద్దుటూరు బజారుకే వస్తారు. పాత గాజు మార్చమంటే షరాబు గీటురాయి తీస్తాడు. ఆ గీత పైపొర సంగతే చెబుతుంది. ఎక్స్‌రే మిషనూ బంగారంలో కొద్ది మైక్రాన్ల లోతు దాటదు. లోపల టంగ్‌స్టన్ దాచి పైన బంగారం తొడిగితే రెండూ బోల్తా పడతాయి. అనుమానమొస్తే కత్తిరించాలి, కరిగించాలి.

విమానాన్ని అలా కోసి చూడలేం. 1988 ఏప్రిల్ 28న హవాయిలో అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 పైకప్పు గాల్లో ఉండగానే సుమారు 18 అడుగుల మేర ఊడిపోయింది. ఒక ఎయిర్‌హోస్టెస్ ప్రాణం పోయింది. అప్పటికి ఆ విమానం 89,680 సార్లు ఎగిరి దిగింది. ఎగిరిన ప్రతిసారీ లోపలి గాలి ఒత్తిడికి సాగి, దిగాక సడలి, రేకుల అతుకుల్లో రివెట్ల రంధ్రాల దగ్గర పగుళ్ళు పుట్టాయి. తనిఖీలు వాటిని పట్టలేకపోయాయని దర్యాప్తు తేల్చింది.

ఇలాంటి పగుళ్ళకు వాడుకలో ఉన్నది ఎడ్డీ కరెంట్ పరీక్ష. కాయిల్‌లో ఏసీ కరెంటు పంపితే అల్యూమినియంలో సుళ్ళు తిరిగే కరెంటు పుడుతుంది. పగులు అడ్డొస్తే అది దారి మళ్ళుతుంది, దాని అయస్కాంత క్షేత్రమూ మారుతుంది. చిక్కంతా లోతుతోనే. 10 కిలోహెర్ట్జ్ దగ్గర ఆ కరెంటు మిల్లీమీటరు లోతుకే నీరసిస్తుంది. 100 హెర్ట్జ్‌కు దించితే సెంటీమీటరు దాకా పోతుంది. అయితే క్షేత్రం వేగంగా మారితేనే గట్టిగా పలికే మామూలు కాయిల్ అక్కడ మూగబోతుంది.

స్క్విడ్‌కు ఆ బాధ లేదు. అది నియోబియం వంటి అతివాహకంతో చేసిన చిన్న వలయం. ద్రవ హీలియంలో మైనస్ 269 డిగ్రీలకు చల్లబరిస్తే క్షేత్రాన్నే నేరుగా కొలుస్తుంది. సిరామిక్ రకాలకైతే మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్ చాలు. కల్పాక్కంలోని ఇందిరా గాంధీ అణు పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు సొంతంగా స్క్విడ్‌లు చేసుకుని, మందపాటి అల్యూమినియం పలకల్లో దాగిన లోపాలను వాటితో పట్టారు.

అయినా హ్యాంగర్లలో స్క్విడ్ అరుదు. చలువ ద్రవం వెంట ఉండాలి, పక్కన మోటారు తిరిగినా కొలత చెదురుతుంది. కాబట్టి తక్కువ లోతు చూసే పనిముట్లతోనే చాలా తనిఖీలు నడుస్తాయి.

అందుకే పరీక్ష చేసేవాళ్ళలో నేను వెతికే గుణం ఒకటుంది: తన పనిముట్టు ఎందాకా చూస్తుందో చెప్పగలగడం. ‘లోపం లేదు’ అని రాస్తే ఫైలు మూతపడుతుంది. ‘ఇంత లోతు వరకు లోపం కనబడలేదు’ అని రాస్తే ఇంకో పరీక్షకు దారి ఉంటుంది. ఆ అంకె రాయడానికి ద్రవ హీలియం అక్కర్లేదు.