మూడు ముద్దలు చాలు

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో జవహర్ బాల భవన్ ఉంది. 1956లో నెహ్రూ చొరవతో దిల్లీలో మొదలైన బాల భవన్ల వరుసలోదే ఇదీ. దాని చరిత్ర రాసేవాళ్లు వేరే దొరుకుతారు. నాకు కావలసింది అక్కడి బొమ్మల తరగతి, ఆ తరగతికి మూలమైన పాతకాలపు డ్రాయింగ్ మాస్టార్ల పద్ధతి. పిల్లల ముందు పసుపు, ఎరుపు, నీలం అనే మూడు ముద్దలు పెట్టి, మిగతా రంగులన్నీ వాళ్ల చేతే పుట్టించడం ఆ పద్ధతి. చిన్నపిల్లలకు రంగు నేర్పడానికి దీన్ని మించిన దారి ఇంతవరకు రాలేదని నా గట్టి నమ్మకం. పెద్ద రోడ్డు దాటి ఆబిడ్స్ వైపు నడిస్తే, స్టేషనరీ దుకాణాల అద్దాల వెనక మెరిసే 48 రంగుల పెట్టెలు ఆ పద్ధతిని ఎలా మింగేస్తున్నాయో కూడా కనిపిస్తుంది.

చేయి తిరిగిన మాస్టారి పనితనం మొదటి ఆకుపచ్చ దగ్గరే తెలిసిపోతుంది. ప్యాలెట్ మీద ముందు పసుపు వేయిస్తారు. నీలం ఆ తర్వాతే, అదీ బ్రష్ కొసకు అంటినంత. నీలం మొండి రంగు. దాంట్లో పసుపు కలపబోతే సగం ట్యూబు ఖర్చయినా ముద్ద కదలదు. అదే పసుపులో నీలం చుక్క పడితే చాలు, చిలకపచ్చ పుడుతుంది. ఇంకో చుక్కకు అరటాకు, మరో చుక్కకు మామిడాకు. ఒక్క గీతలో వరసగా ఈ పచ్చలన్నీ పరిచిన ఆరేళ్ల పిల్లకు ఏ చార్టూ అక్కర్లేదు. పక్కన రెండు గ్లాసుల నీళ్లుంటాయి. ఒకటి బ్రష్ కడగడానికి, ఒకటి రంగు పలచన చేయడానికి. ఈ రెండో గ్లాసు లేని తరగతిలో అర్ధగంటకే ప్రతి రంగూ మడ్డి తేలుతుంది. తర్వాతి మెట్టు ఇంకా అందమైనది. పసుపు పూసి, పూర్తిగా ఆరనిచ్చి, దానిమీద పలచటి నీలం ఒక్క పూతగా లాగడం. ప్యాలెట్ మీద కలిపిన పచ్చకీ కాగితం మీద పొరలుగా కలిసిన పచ్చకీ తేడా పిల్లలు చటుక్కున పట్టేస్తారు. ఇంతసేపూ మాస్టారు ఏ రంగు వస్తుందో ముందుగా చెప్పరు. ఆ నోరు కట్టేసుకోవడంలోనే అసలు విద్య ఉంది.

ఈ పొరల విద్య మనకు ఎక్కడినుంచో దిగిరాలేదు. కలంకారీ బట్ట మీద ఆకుపచ్చ అలాగే వస్తుంది: నీలిమందు నీలం మీద పసుపు. శ్రీకాళహస్తి పనివాళ్లు కలంతో అద్దే ఆకుల్ని దగ్గరగా చూస్తే, అంచున ఎక్కడో పసుపు జారి కింది నీలం బయటపడుతుంది. చేర్యాల నకాషీ పటాల సంగతి సరేసరి. ఎర్రటి నేల మీద నీలం, పసుపు ఎంత ధైర్యంగా నిలబెడతారో! తోట వైకుంఠంగారి తెలంగాణ ఆడవాళ్ల చీరల్లో, బొట్టుల్లో మండే రంగులు దేశమంతటికీ తెలుసు. అలాంటి చిత్రకారుడు ఒకప్పుడు ఇదే బాల భవన్‌లో పిల్లలకు బొమ్మలు నేర్పారని తలచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. ఆయన బరోడాలో చదువుకున్నది కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర. బొమ్మలు చేసి, పిల్లల పుస్తకాలకు చిత్రాలు వేసిన సుబ్రమణ్యన్‌కు పిల్లల పని చిన్నపనిగా ఎన్నడూ తోచలేదు. బయటి దేశాల్లోనూ పిల్లల చదువు గురించి ఆలోచించిన పెద్దలు తక్కువ రంగులతోనే మొదలుపెట్టారు. ఫ్రోబెల్ పసివాళ్లకిచ్చిన మొదటి కానుక ఆరు ఊలు బంతులు, మూడు మూల రంగులు, వాటి కలయికతో వచ్చే మూడు. మాంటిస్సోరి మొదటి రంగు పలకల పెట్టెలో ఉండేవి మూడు జతలే: ఎరుపు, పసుపు, నీలం.

సైన్సు తెలిసినవాళ్లు ఇక్కడ అడ్డుతగులుతారు. అచ్చుసిరాల్లో ఎరుపు, నీలం అసలు మూల రంగులే కావు, అచ్చుయంత్రంలో ఉండేవి సయాన్, మెజెంటా, పసుపు. సెల్‌ఫోన్ తెర మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం. పిల్లలకు తప్పు నేర్పడమెందుకు అని. మాట నిజమే. ఆదివారం అనుబంధంలోని బొమ్మను భూతద్దం కింద పెడితే ఆ చుక్కలు విడివిడిగా కనిపిస్తాయి కూడా. పదేళ్లు నిండిన పిల్లలకు తప్పక చూపించాలి. అయితే ఆరేళ్ల పిల్ల చేతిలో ఉన్నది వెలుతురూ కాదు, అచ్చుసిరా కాదు, ట్యూబులోంచి పిండిన ముద్ద. ఆ ముద్దల్లోనే ఈ అభ్యంతరానికి జవాబుంది. స్కార్లెట్‌లో ప్రష్యన్ బ్లూ కలిపితే ఊదా రాదు, బురద వస్తుంది. స్కార్లెట్‌లో అప్పటికే పసుపు ఛాయ ఉంది కాబట్టి కలిసినవి రెండు కావు, మూడు. క్రిమ్సన్‌లో అల్ట్రామెరీన్ కలిపితే వంకాయ రంగు తళతళలాడుతుంది. ఎరుపుల్లో రకాలున్నాయని తన చేత్తో తెలుసుకున్న పిల్లకు రేపు మెజెంటా సంగతి చెబితే అర్థం కాకపోవడమంటూ ఉండదు. కలిపితే వచ్చేదంతా కలయిక కాదని చెప్పడానికి మన వంటింటి సరుకు చాలు. పసుపులో తెల్లటి సున్నం వేస్తే పారాణి ఎరుపెక్కుతుంది. అది రసాయనం చేసిన పని. పసుపు, తెలుపు ట్యూబులు ఎంత కలిపినా అలా రాదు. ఈ రెండూ పక్కపక్కన చూపించే మాస్టారికి చేతులెత్తి మొక్కాలి.

అమ్మానాన్నల అభ్యంతరం వేరు. పిల్లలు రంగులన్నీ కలిపేసి గోధుమరంగు మడ్డి చేస్తారు, బట్టలు పాడుచేస్తారు, ట్యూబులు తగలేస్తారు అంటారు. చేస్తారు, చేయాలి కూడా. మూడూ కలిస్తే మట్టి వస్తుందని తెలిశాక ఆ మట్టితోనే చెట్టు మాను వేస్తారు, గొడ్డు వేస్తారు, మనిషి ఒంటి రంగు వేస్తారు. కొన్ని పెట్టెల్లో ‘స్కిన్’ అని రాసి ఇచ్చే లేత గులాబీ పెన్సిల్ మన పిల్లల్లో ఎందరి ఒంటి రంగు? ఖర్చు మాటకొస్తే, 48 రంగుల పెట్టె డబ్బుతో కొన్ని నెలలకు సరిపడా ట్యూబులు వస్తాయి.

ఆ పెట్టెలంటే అందుకే నాకు ఒళ్లు మంట. అందులో ఆకుపచ్చలే ఆరేడు ఉంటాయి, ఒక్కటీ మన వేపాకు పచ్చ కాదు. స్కెచ్‌పెన్ను రంగు మరో రంగుతో సరిగా కలవదు. ఒకదానిమీద ఒకటి గీస్తే కాగితం చిరుగుతుంది. గీత దాటకుండా నింపమనే కలరింగ్ పుస్తకాలు, వేలితో నొక్కితే రంగు నిండిపోయే సెల్‌ఫోన్ ఆటలు దానికి తోడు. ఇవి చాలవన్నట్టు నింపుడు పోటీలకు కప్పులూ సర్టిఫికెట్లూ! హోటల్ సాంబారు పొట్లాలు కొనిచ్చి పిల్లకు వంట వచ్చేసిందని మురిసిపోయినట్టుంది వ్యవహారం. ఇంకో చోద్యం, డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు నడిపే ప్రభుత్వ పరీక్షల కార్యాలయం నాంపల్లిలోనే ఉంది. ఆ పరీక్షలు పాసైనవాళ్లు ఊరూరా ఉన్నారు. డ్రాయింగ్ మాస్టారే లేని సర్కారు బడులూ ఊరూరా ఉన్నాయి. ప్రైవేటు బడుల్లో బొమ్మల పీరియడ్‌ను లెక్కల టీచరు లాక్కోవడం మామూలైపోయింది. పరీక్ష పెట్టే సర్కారు పోస్టు కూడా ఇవ్వాలి, వారానికి రెండు పీరియడ్లు కలిపి ఇవ్వాలి. నలభై నిమిషాల్లో మొదటి పొర వేసి, ఆరనిచ్చి, రెండోది లాగడానికి తీరిక ఉండదు.

అంతదాకా ఇళ్లలో జరగవలసింది జరగనీయండి. ఆబిడ్స్‌లోనో కోఠీలోనో విడి ట్యూబులు అడగండి: లెమన్ ఎల్లో, క్రిమ్సన్, అల్ట్రామెరీన్. పెద్ద ట్యూబు తెలుపు ఒకటి. చేయి కుదిరాక స్కార్లెట్, ప్రష్యన్ బ్లూ, ముదురు పసుపు చేర్చవచ్చు. దుకాణం కుర్రాడు నలుపు కూడా కట్టబోతాడు, వద్దనండి. నలుపు దొరికితే పిల్లలు నీడలన్నీ దాంతోనే కానిచ్చేస్తారు. కావాలని పేచీ పెడితే మూడూ కలుపుకోమనండి, నీలం కాస్త ఎక్కువ వేసి.