వేలు నల్లబడాలి

పక్కింటి వదినగారు సోమవారం పొద్దున్నే కొబ్బరినూనె గిన్నె పట్టుకుని వచ్చారు. మా గేటు పక్కనున్న పసుపుపూల తీగ గుంటగలగరే అనుకుని ఆకు దూసి, నూరి, నూనెలో కాచారట. "రంగు దిగలేదేంటండీ?" అన్నారు. గుంటగలగరలో పసుపు పూసే రకం కూడా ఉంది కాబట్టి ఆవిడని తప్పు పట్టలేం.

మా తీగ పేరు వెడేలియా. రెండేళ్ల కిందట కడియం నర్సరీల్లో కొని తెచ్చింది నేనే. నాలుగు ముక్కలు గుచ్చితే గేటు దాటి కాలవగట్టంతా పరుచుకుంది. గట్లకి సిమెంటు పొయ్యొద్దని నేనిక్కడ ఎన్నిసార్లు మొత్తుకున్నానో మీకు తెలుసు. మట్టిని పట్టి ఉంచే ఈ పూల దుప్పటే సిమెంటుకి జవాబని ఈ వారం రాద్దామనుకున్నాను.

ఆ గిన్నె చూడగానే కొత్తపేటలో అమ్మమ్మ కాటుక పట్టే రోజులు గుర్తొచ్చాయి. గుంటగలగర కోసుకురమ్మని గట్టుకి పంపేది. చెమ్మ నేలలో, బొత్తాముల్లాంటి చిన్న తెల్లపూలతో ఉండేది. "నలిపి చూడరా, వేలు నల్లబడితేనే తే" అనేది. ఆ రసంలో పాత నూలుగుడ్డ తడిపి నీడన ఆరేసేది. మళ్ళీ తడిపేది, మళ్ళీ ఆరేసేది. మూడు నాలుగు సార్లయ్యాక వత్తి చేసి, ఆముదం ప్రమిదలో వెలిగించి, పైన ఇత్తడి పళ్ళెం బోర్లించేది. తెల్లారి గీకితే దూదికన్నా మెత్తటి మసి. కాస్త నెయ్యి వేసి రంగరించి భరిణెకెత్తేది. పసిపిల్లల కళ్ళకి కాటుక వద్దని డాక్టర్లు చెప్తున్నారు, ఆ మాట వినాల్సిందే. బుగ్గన దిష్టిచుక్కకి మాత్రం అంతటి నలుపు నేను మళ్ళీ చూడలేదు.

వదినగారికి అసలు ఆకు చూపిద్దామని గట్టెక్కాను. ఎంత దూరం నడిచినా పసుపుపూలే. ఆ అల్లిక కింద ఇంకో మొక్క లేవడానికి వెలుతురేదీ? అమెరికా ఖండపు వేడి ప్రాంతాల నుంచి వచ్చిన ఈ తీగ, ప్రపంచంలోకెల్లా చెడ్డవైన 100 చొరబాటు జాతుల జాబితాలో ఉంది. చివరికి ఒక చేలో బోదె పక్కన గుంటగలగర కనబడింది, నాలుగంటే నాలుగే మొక్కలు. నలిపితే వేలు నల్లబడింది.

గట్టుకి పచ్చదనం కావాలన్న మాట మార్చుకోను. ఈ తీగ మాత్రం వద్దు. నిన్నటి నుంచి పీకుతున్నాను. కణుపు కణుపుకీ వేరే, ఒక్క ముక్క మిగిలినా మళ్ళీ అల్లుకుంటుంది. మీ ఇంట్లోనూ ఉంటే, పీకింది కాలవలో పడేయకండి, దిగువ ఊరి గట్టెక్కుతుంది. మేం గచ్చు మీద గలగలలాడేదాకా ఎండబెడుతున్నాం.